సుంకమ్మ పేరున్న పాట

2022 వేసవి. కళ్యాణదుర్గంలో నాకొక రికార్డింగ్ స్టూడియో ఉంది. పెద్దగా ఊహించుకోకండి. గోడలకు పరుపులు కొట్టిన గది, ఒక కంప్యూటరు, రెండు మైకులు. భజన బృందాల పాటలు, ఎన్నికలొస్తే ప్రచారం, ఇదే నా బతుకు.

ఒక మధ్యాహ్నం కంబదూరు దగ్గరి పల్లె నుంచి శివ అనే డిగ్రీ కుర్రాడు వచ్చాడు. గుండు ఇంకా నున్నగానే ఉంది. మరునాడు వాళ్ళ నాయన దినాలు. ఫోనులో పాట వినిపించి, "అన్నా, రేపు ఇది మైకులో పెట్టల్ల. కడాన ఒక ఆడమనిషి పేరు వస్తాది, అది తీసేసియ్యి" అన్నాడు.

వినగానే గుర్తుపట్టాను. అది భజన గురువు ఓబులప్ప గొంతు, నేను రికార్డు చేసిన పాట. మా వైపు చావు భజనలో గురువు తత్వం పాడుతూ, చివరి చరణంలో పోయినవారిని పేరు పెట్టి పిలిచి సాగనంపుతాడు. ఎన్నో ఇళ్ళ ముందు అలా పిలిచిన ఓబులప్పకు సొంత భార్య సుంకమ్మ పోయిన రోజు గొంతు పెగల్లేదు. నెల తర్వాత నా గదిలో కూర్చుని ఆమె కోసం పాడాడు. అది ఇంట్లో వినడానికి చేయించుకున్న పాట. బంధువులెవరో వాట్సాప్ గ్రూపులో వేశారు, ఊరూరా పాకింది. ఎవరు పోయినా అదే పాట, సుంకమ్మ పేరే.

"ఇది ఎవురి పాటో తెలుసునా?"

"తెలీదన్నా. గ్రూపులో వచ్చినాది."

"అడగకుండా వాడుకుంటే దొంగతనం కాదా?"

"ఎవురి జోబులోంచి తీసినామన్నా? ఆయప్ప పాట ఆయప్ప దగ్గరే ఉండాది గదా. కొత్త సినిమాలు గూడా ఇట్లే చూస్తాండాము. ఎవురికేం నష్టం?"

కోపం నషాళానికంటింది. గుండు చూసి తమాయించుకున్నాను. పాటలో ఒక ముక్క వినపడకుండా చేయడాన్ని మేము మ్యూట్ చేయడం అంటాం. క్షణం పట్టదు. నాకు చేతులు రాలేదు. ఓబులప్పకు ఫోను చేసి, శివకు కూడా వినపడేలా స్పీకరులో పెట్టి సంగతి చెప్పాను.

ఓబులప్ప, "మైకు మోగే దావన పోవడం మానుకున్యానప్పా. పరాయి చావులో నా ఇంటిదాని పేరు వినలేను. ఇప్పుడు దాన్ని తీసి పారేస్తారా?" అన్నాడు. ఆ తర్వాత, "ఆ పిల్లోని నాయన పేరేంది?"

శివ తల వంచుకుని, "నాగన్న" అన్నాడు.

"నా పాట ముట్టుకోవద్దండి. రేపు నేనే వస్తా."

మరునాడు పొద్దున్నే ఓబులప్ప తాళాలు వేసే ఇద్దరితో శివ వాళ్ళ ఊరికి వచ్చాడు. మైకు సెట్టు నాదే కాబట్టి నేనూ వెళ్ళాను. శివ ఫోను పైకెత్తి, మళ్ళీ దించుకుని, దగ్గరికి వచ్చాడు.

"తాతా, రికార్డు చేసుకుందునా? మా యమ్మకు."

"చేసుకోప్పా. మీ నాయన పేరుంటాది దాంట్లో. మీ ఇంట్లో పెట్టుకో."

చివరి చరణంలో ఓబులప్ప "నాగన్నా" అని పిలిచాడు. అప్పటిదాకా రాయిలా ఉన్న శివ, తల్లి భుజం మీద పడి భోరుమన్నాడు. నాకూ కళ్ళు నిండాయి.

కాపీ చేస్తే అసలు పాట తరగదు. శివ చెప్పింది నిజమే, నా వృత్తి అంతా దాని మీదే నడుస్తుంది. కానీ ఓబులప్పకు నడిచే దారులు తరిగిపోయాయి. నష్టమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మా వైపు ఏ కొత్త పాట బయటికొచ్చినా సాయంత్రానికి నా ఫోనులో ఉంటుంది. నాగన్న పేరున్న పాట మాత్రం ఇంతవరకూ రాలేదు.