ఎనిమిది వరుసల తనూజ

తనూజ గురించి చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. అది నాకు చేతకాదని మా ఆఫీసులో ఎవరిని అడిగినా చెబుతారు. అయినా ఈ పిల్ల కోసం ఒప్పుకుంటున్నాను.

జనగామలో ఎరువుల దుకాణం మేడ మీద ఒక్క గది, అదే మా ఆఫీసు. వడ్లు అమ్ముకునే రైతులకు టోకెన్లిచ్చే యాప్‌ను హైదరాబాద్‌లో తయారుచేస్తారు, ఇక్కడ ఐదుగురు ఆడవాళ్లం పరీక్షిస్తాం. నా పేరు సునంద, గదికి పెద్దను. అందరికంటే చిన్నది తనూజ. లింగాల ఘనపూర్ నుంచి రోజూ ఆటోలో వస్తుంది. డిగ్రీ చదువుతూనే సెలవుల్లో తల్లి కనకమ్మతో పత్తి ఏరడానికి వెళ్లిన పిల్ల. కంప్యూటర్ ముందు కూర్చుంటే లేవమన్నా లేవదు.

మా పరీక్షలు ఆరు వందలు. మనిషి ముట్టుకోకుండా కంప్యూటరే ఒకదాని తర్వాత ఒకటి నడుపుతుంది. అన్నీ అయ్యేసరికి ఏడు గంటలు. పొద్దున ఒక్క అక్షరం మార్చినా ఫలితం సాయంత్రమే. ఒక సోమవారం హైదరాబాద్ నుంచి మేనేజర్ నిఖిల్ ఫోన్ చేసి తేల్చేశాడు. "శుక్రవారానికల్లా ఫలితాలు గంటలోపు వచ్చేలా చెయ్యాలి మేడమ్. లేదంటే ఆ గది మూసేసి పని ఇక్కడికి తెచ్చుకుంటాం."

ఐదు ఇళ్లు ఆ గది మీదే నడుస్తున్నాయి. తనూజే అంది, "ఒకటెనుక ఒకటి ఎందుకక్కా? ఎనిమిది వరుసలు జేసి ఒక్కసారే ఉరికిద్దాం."

బుధవారం ఉరికించింది. యాభై నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. చప్పట్లు కొట్టబోతూ చూస్తే తెరంతా ఎరుపు, రెండు వందలు తప్పాయి. మళ్లీ నడిపితే వేరే రెండు వందలు. తప్పినవాటిలో కొన్నిటిని ఒక్కొక్కటిగా నడిపితే అన్నీ పాసు! నాకు ఒళ్లు మండింది.

"ఉన్నది గూడ ఊడగొడ్తవా ఏంది?" అని అరిచాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, కుర్చీ మాత్రం వదల్లేదు.

మధ్యాహ్నం చేనులోంచి కనకమ్మ ఫోన్ చేసింది. బిడ్డ చెప్పిందంతా విని నవ్వింది. "ఎనిమిది మందిని ఒక్క మునుంల దింపినవా బిడ్డా? ఒకల కాళ్లు ఒకలు దొక్కుకోరా? ఎవల మునుం వాళ్లకియ్యాలె." చేనులో ఒక్కో కూలీ పట్టుకుని సాగే వరుసే మునుం.

ఎనిమిది వరుసలూ కలిసి తొక్కుతున్నది ఏమిటా అని తనూజ వెతికింది. గంటలో దొరికింది. ఆరు వందల పరీక్షల్లోనూ రైతు ఒక్కడే, సోమనర్సయ్య. ఒక వరుస ఆయనకు టోకెన్ ఇస్తుంటే ఇంకొకటి రద్దు చేస్తోంది, మూడోది ఆ లేని టోకెన్ మీద వడ్లు తూకం వేస్తోంది.

సోమనర్సయ్య మా నాయన. మూడేళ్ల కింద ఆ పరీక్షలు రాసింది నేనే. యాప్‌లో ఆయన పేరు చూసుకోవాలన్న ముచ్చటకొద్దీ అన్నిట్లోనూ ఆయన్నే పెట్టాను. అరిచింది నేనే, తప్పూ నాదే! సిగ్గుతో చచ్చిపోయాను.

తనూజ పల్లెత్తు మాట అనలేదు. "బాపును ఒక్క వరుసల ఉంచుదామక్కా. మిగిలిన ఏడింటికి వేరేటోళ్లను దెద్దాం" అంది. జాల్యా, సీతాబాయి, గంగి, మల్లేశం... మా మా ఊళ్ల వాళ్లందరినీ రైతులుగా చేర్చాం. వరుసకొక రైతు.

శుక్రవారం యాభై ఆరు నిమిషాలు. ఒక్క ఎరుపు లేదు. నమ్మక మళ్లీ నడిపించాను, అదే ఫలితం. గదిలో ఒకటే కేకలు.

"ఇంతకీ తప్పెక్కడ జరిగింది మేడమ్?" అన్నాడు నిఖిల్ ఫోన్‌లో.

"తప్పు నాది, సరిజేసింది తనూజ. ఆమెతోనే మాట్లాడుండ్రి" అని ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"శభాష్ తనూజా! ఇక్కడి పరీక్షలు కూడా గంటల తరబడి నడుస్తున్నాయి. నువ్వు హైదరాబాద్ వచ్చెయ్. ఆ గదితో ఇక పనేముంది?"

మొన్న నేను తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. పోతే పోనీ, దాని బతుకు బాగుపడుతుంది అనుకున్నాను.

"నేను రాను సార్" అంది తనూజ. "ఆ పరీక్షలే ఇటు పంపుండ్రి. మేం ఐదుగురం ఉన్నం."

నిఖిల్ అవతల ఎవరినో అడిగి వచ్చాడు. "సరే, ఆ గదికే పంపిస్తాం" అన్నాడు.

సోమవారం, పెరిగిన పనికి కొత్తగా చేరే మనిషి కోసం ఆరో కుర్చీ తెప్పించాను.