పురుగుల షెడ్డులో మల్లెపూల సెంటు

ఒక్క సీసా సెంటుతో ఒక ఇంటి పంటను, ఒక ఆడపిల్ల చదువును, నా పెళ్లిని ఒకే పూటలో తగలబెట్టబోయిన ఘనత నాది. ఇంత పెద్ద పనికి మామూలు తెలివి చాలదు. అప్పుడు నాకు పదహారేళ్లు, అంటే లోకంలో నాకు తెలియని విషయమే లేదు.

మా నాన్నకు చింతామణిలో ఫ్యాన్సీ స్టోరు. మేనత్త వాళ్లది జంగమకోటెలో పట్టుపురుగుల సాగు. సెలవులొస్తే అక్కడికి పరుగెత్తడానికి నేను చెప్పే కారణం అత్త చేతి రాగిముద్ద, అసలు కారణం అత్త కూతురు సుజాత. ఈసారి పట్టుగూళ్లు బాగా అమ్ముడుపోతేనే ఆమెను చింతామణి కాలేజీలో చేరుస్తామన్నారు. ఆ కాలేజీ మా అంగడికి ఎదురుగానే ఉంది. ఇక నా ఆనందం మీరే ఊహించుకోండి.

సుజాతను మెప్పించాలని అంగడి నుంచి మల్లెపూల సెంటు తెచ్చుకున్నాను. మొదటి రెండు రోజులు పొదుపుగా పూసుకుంటే ఆమె తలెత్తి చూడలేదు. మూడో రోజు సీసా మొత్తం ఒంపుకుని, ఎవరూ అడక్కుండానే మల్బరీ ఆకు బుట్ట నెత్తిన పెట్టుకుని, పురుగుల షెడ్డులోకి దొరలా నడిచాను.

నిన్నటిదాకా వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ మేసిన పురుగులు ఆ రోజు కిక్కురుమనలేదు. తట్టల నిండా తలలెత్తి, కదలకుండా ఉన్నాయి. నా అందం చివరికి పురుగులకైనా అర్థమైందని పొంగిపోయాను.

“చూడు సుజాతా, నేను రాంగానే ఎట్ల లేచి నిలబడినాయో!”

ఆమె కొంగుతో ముక్కు మూసుకుంది. “ఏం పూసుకుంటివి బావా?”

అంతలో వాళ్ల అవ్వ ఊడిపడింది. “ఏం పని చేస్తివప్పా! సెంటు వాసన తగిల్తే పురుగులు బతుకుతాయా? చూడు, మేత ఇడిసిపెట్టినాయి! ఇంగ పంట యాడ, పిల్ల కాలేజీ యాడ?”

నా పైప్రాణాలు పైనే పోయాయి. అవ్వ నన్ను ఎద్దుల తొట్టి దగ్గరికి ఈడ్చుకెళ్లి, బూడిద వేసి కొబ్బరిపీచుతో తోమింది. అంత గట్టిగా ఎద్దును తోమి ఉంటే అది ఎదురు తిరిగేది.

ఇక దేవుడే దిక్కనుకున్నాను. తడి బట్టలతోనే ఊదుబత్తుల కట్ట మొత్తం వెలిగించి, షెడ్డు గడప ముందు సాష్టాంగపడ్డాను.

“ఓరి నీ భక్తి మండిపోనూ! ఇప్పుడు పొగ పెడ్తాండావా?” అని అవ్వ మళ్లీ తొట్టి దగ్గరికి లాక్కుపోయింది.

రెండో తోముడు అయ్యాక సుజాత నా దగ్గరికి వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. “నీ చదువు పాడు చేస్తిని. మా అంగడి అమ్మేసైనా నిన్ను కాలేజీకి పంపిస్తా!” అన్నాను. ఆ అంగడి నాది కాదనీ, దాని యజమాని నిక్షేపంగా బతికే ఉన్నాడనీ ఆ క్షణంలో గుర్తురాలేదు. ఆమె నన్ను ఎగాదిగా చూసి షెడ్డులోకి వెళ్లిపోయింది.

మరునాడు మధ్యాహ్నం ఆమె పరుగెత్తుకొచ్చి, “బావా, తింటాండాయి!” అంది. నా జీవితంలో అంతకంటే తీయని మాట వినలేదు.

పంట పండింది. ఆమె చదువుకుంది. తర్వాత నన్నే పెళ్లి చేసుకుంది. మొన్న అంగట్లో సెంటు సీసాలు సర్దుతూ నేను ఆ కథ ఎత్తితే, ఆమె పడీ పడీ నవ్వింది.

“నీకు ఇంగా తెలీదా? ఆ పొద్దు పురుగులు జ్వరానికి కూచోనుండె. కుబుసం ఇడిసే ముందర మేత మానేసి, అట్లే తల ఎత్తుకోని ఉంటాయి. నీ సెంటుతో వాటికేం కాలేదు.”

“మరి అవ్వ నన్ను రెండుసార్లు ఎందుకు తోమింది?”

“నువ్వొచ్చిన కాడి నుంచి నీ కంపుకు తలనొప్పితో సస్తాండె, పాపం.”

“నువ్వైనా చెప్పకూడదా?”

“చెప్దామనే వస్తి. అంతలో అంగడి అమ్ముతానంటివి. ఇంత పిచ్చోడు మళ్లా దొరకడని గమ్మునైపోతి.”

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా, ఎద్దుల తొట్టి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఒంటికి సెంటు పూసుకోను. అంగడి అమ్ముతానని మాత్రం ఆమెతో అప్పుడప్పుడూ అంటూనే ఉంటాను.