సీనియర్ ఫోర్‌మన్ కాగితం

లచ్చన్నది జగిత్యాల వైపు ఊరు. ఒమన్ దేశంలోని రైసూత్‌లో ఒక కంపెనీలో పందొమ్మిదేళ్లుగా మేస్త్రీ. ఆరేళ్ల కిందట ఆ చుట్టుపక్కల నుంచే జితేందర్ వచ్చి, అతనికి హెల్పర్‌గా సిమెంటు తట్టలు మోశాడు. గోడ వంకర పోకుండా నూలు పట్టడం కూడా లచ్చన్నే నేర్పాడు. కానీ జితేందర్‌కు ఇంగ్లీషు వచ్చు, కంప్యూటర్ వచ్చు. నిరుడు ఫోర్‌మన్ అయ్యాడు.

అప్పటి నుంచి లచ్చన్నకు తిన్నది ఒంటబట్టలేదు. ఇద్దరిదీ ఒకే రూమ్. ఎవరికి ఏ కాగితం వచ్చినా జితేందరే చదివి చెప్పేవాడు. రూమ్‌లోని వాళ్లందరూ అతని మంచం చుట్టూ చేరితే లచ్చన్న లేచి బయటికి నడిచేవాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మస్కట్‌లో రూవి అనే చోట ఉన్న ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని, తన పేరు వాణి అని, పెద్ద కంపెనీకి సీనియర్ ఫోర్‌మన్ కావాలని, పాత మేస్త్రీల్లో ఆయన పేరే ముందుందని తెలుగులోనే చెప్పిందామె. ఇన్నేళ్లలో అతన్ని ‘లచ్చన్న గారూ’ అన్నవాళ్లు లేరు.

“ఉన్నది ఒక్కటే పోస్టండీ. మీ సైట్‌లో ఎవరికైనా తెలిస్తే ఎగరేసుకుపోతారు,” అంది.

లచ్చన్న కళ్ల ముందు జితేందర్ మెదిలాడు. ఆమె అడిగిన ఫీజు సాయంత్రానికల్లా కట్టేశాడు. మూడో రోజు ఫోన్‌లోకి కాగితం వచ్చింది. అందులో తన పేరొక్కటే గుర్తుపట్టగలడు. అయినా ఎవరికీ చూపలేదు. జితేందర్ ఫోర్‌మన్, తను సీనియర్ ఫోర్‌మన్. ఆ ఒక్క మాట చాలనుకున్నాడు.

గురువారం రాజీనామా ఇచ్చి, నలుగురిలో జితేందర్‌తో అన్నాడు: “నీ కింద పనిచేసుడు ఇయ్యాల్టితోని ఒడిసింది. సీనియర్ ఫోర్‌మన్ అని రూవి కెల్లి నాకు కాయితం అచ్చింది.”

“మంచిదే గద కాకా. ఆ కాయితం ఒక్కసారి సూపియ్యి.”

“ఎందుకు, కండ్లల్ల నిప్పులు పోసుకుంటానికా?”

బస్సులో వెయ్యి కిలోమీటర్లు పోయి రూవిలో దిగాడు. ఆమె చెప్పిన చోట దర్జీ దుకాణం ఉంది. ఆఫీసని అడుగుతూ ఈ నెలలో వచ్చిన మూడోవాడివి నువ్వని దర్జీ ఇస్రార్ చెప్పి, కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఎన్నిసార్లు చేసినా వాణి ఫోన్ మోగనే లేదు.

తిరిగొచ్చిన లచ్చన్నను జితేందర్ ఏమీ అడగలేదు. మేనేజర్ ఖమరుద్దీన్ దగ్గరికి తీసుకెళ్లి, బతిమాలి రాజీనామా వెనక్కి ఇప్పించాడు. కాకకు ఆ పని నచ్చలేదట అని రూమ్‌లో చెప్పాడు. లచ్చన్నకు అది మరీ మంటగా ఉంది. నవ్వి ఉంటే తిట్టి ఊరుకునేవాడు.

జరిగింది భార్య శాంతవ్వ ఒక్కదానికే ఫోన్‌లో చెప్పాడు. ముందే జితేందర్‌కు ఎందుకు చూపలేదని ఆమె అడిగింది.

“వాడు సదివి పెడితే వచ్చే కొలువు నాకెందుకనుకున్న,” అన్నాడు.

నెల తిరక్కుండానే రూమ్‌లో ఉండే కుమార్‌కూ అలాంటి కాగితమే వచ్చింది. రూవి ఆఫీసు నుంచి వచ్చిందంటూ అతను ఫోన్ తెచ్చి జితేందర్ చేతిలో పెట్టాడు. అందరూ చుట్టూ చేరారు. లచ్చన్న తలుపు దాకా వెళ్లి ఆగాడు. జితేందర్ ఇప్పుడు నోరు తెరుస్తాడు, మోసమని చెబుతాడు, అందరూ మళ్లీ అతన్నే మెచ్చుకుంటారు. అది ఓర్చుకోలేకపోయాడు.

“అది దొంగది. పేరు వాణి అని చెప్తది. నన్ను ముంచింది గూడ అదే,” అన్నాడు.

తలలన్నీ అతనివైపు తిరిగాయి. ఆమె ఏమేం అడిగిందని కుమార్ దగ్గరికొచ్చాడు. జితేందర్ మంచం మీద జరిగి చోటిచ్చాడు. లచ్చన్న కూర్చోలేదు. నిలబడే మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు.