ప్రభువు బల్ల దగ్గర ఎక్స్‌రే అత్త

ఎక్స్‌రే అత్త గేటు దగ్గర డ్యూటీలో ఉంటే దేవదూతైనా రెక్కలు విదిలించి చూపించాకే కదలాలి. ఇదంతా కోతలనుకునేవాళ్లు ఆ రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీకి షిఫ్టు వదిలే వేళకు వెళ్లి చూడొచ్చు. ఆడకూలీలందరూ వరుసగా వచ్చి ఆమె ముందు వెనుదిరిగి, రెండు చేతులూ పైకెత్తి నిలబడతారు. ఆమె చంకల దగ్గర మొదలుపెట్టి నడుము దాకా రెండు అరచేతులతో ఒక్క తడుము తడుముతుంది, అంతే. జడ ముడిలో జిప్పులు, చెప్పు అట్టల మధ్య బొత్తాలు, అన్నం డబ్బా అడుగున లేసు ముక్కలు, అన్నీ బయటపడాల్సిందే. ఒకామె పంటి చిగురు కింద సూది దాచుకుంటే, తుమ్మిన చప్పుడు విని పట్టేసుకుందట.

ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. సాయంత్రం భర్త గుమ్మంలోకి వస్తూనే రెండు జేబులూ బయటికి లాగి చూపించేవాడు, అడిగించుకోవడం దేనికని. చర్చిలో మరీ ఇబ్బంది. పాస్టరుగారు చేతులెత్తి స్తుతించమనగానే బెంచీలకు బెంచీలు చేతులెత్తేవి, అత్త వేళ్లకు జిల పుట్టేది. తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది.

అన్నిటికన్నా ఆమెకు మింగుడుపడనిది దేవుడి ప్రేమ. పశ్చాత్తాపపడి వచ్చినవాళ్లకు అక్కడ గేటే లేదని, ఎవరినైనా వచ్చినవాళ్లను వచ్చినట్టే చేర్చుకుంటాడని పాస్టరుగారు చెబితే, మరి కాపలా ఎవరుంటారండీ అని అడిగింది. ఎవరూ ఉండరమ్మా అన్నారాయన. సరుకు ఎంత పోతోందో ఎవరైనా చూసుకున్నారా అంది అత్త. ఆ వారం ప్రసంగం కొంచెం ముందుగానే ముగిసింది.

ఆమె అనుమానానికి కారణం లేకపోలేదు. కారణం పేరు ఆడపడుచు. ఆ పిల్లకు ఫ్యాక్టరీలో పని ఇప్పించింది అత్తే. పనిలో చేరిన ఆడపడుచు కొన్నాళ్లకే ఒక సంగతి కనిపెట్టింది. అందరినీ సోదా చేసే మనిషిని సోదా చేసేవాళ్లు లేరు. ఇంకేం, లేసు కండె ఒకటి వదిన సంచిలో దూర్చింది, ఇంటికెళ్లాక తీసుకోవచ్చని. ఖర్మ కాలి ఆ సాయంత్రమే కొత్త మేనేజరు గేటు దగ్గర నిలబడి అత్త సంచి కూడా విప్పించాడు, కండె బయటపడింది. తను రోజూ సోదా చేసే వరుస ముందే అత్త చేతులెత్తి నిలబడింది. ఆడపడుచు నోరు విప్పలేదు, అత్త పని పోయింది. ఆ వారమే ఆ పిల్ల ఊరు విడిచి పోవడంతో దొంగెవరో అందరికీ అర్థమైంది, అత్తను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. కానీ అప్పట్నుంచి అత్త ఎక్కణ్ణుంచి బయల్దేరినా ముందు తన సంచి తనే వెతుక్కుంటుంది, చర్చి నుంచి వచ్చేటప్పుడు కూడా.

ఇన్నేళ్లకు ఆ ఆడపడుచు తిరిగొచ్చింది. అందరి ముందు తప్పు ఒప్పుకుని ప్రభువు బల్లలో చెయ్యి వేస్తానని, అందరితో పాటు ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటానని పాస్టరుగారిని అడిగింది. ఆయన అత్తను పక్కకు పిలిచి, అన్యాయం జరిగింది మీకు, మీరు వద్దంటే రొట్టె ఇవ్వను, ఆదివారం దాకా ఆలోచించుకోండి అన్నారు.

అత్త ఆలోచించలేదు, విచారణ మొదలుపెట్టింది. ఇంట్లో వాటా కోసం వచ్చిందా, మళ్లీ పని ఇప్పించమంటుందా అని భర్తను నిలదీసింది. ఆయన ఫ్యాను రెక్కల్ని ఎప్పుడూ చూడనట్టు చూశాడు. మర్నాడు ఆడపడుచే వచ్చి గుమ్మం బయట నిలబడింది. అత్త లోపలికి రమ్మనలేదు.

"ఏం కావాలి నీకు?"

"ఏమీ వద్దు వదినా."

"ఏమీ వద్దనేవాళ్ల డబ్బాలే బరువుంటాయి. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకొచ్చావ్?"

"నీ మొహం చూడాలంటే భయమేసింది. ఇప్పుడూ వేస్తోంది."

భయం ఉన్నచోట ఏదో దాచిపెట్టి ఉంటుందన్నది అత్త ఉద్యోగం నేర్పిన చదువు. తలుపు వేసేసింది.

ఆదివారం ఆడపడుచు ముందుకొచ్చి అంతా చెప్పింది. కండె తీసింది తనేనని, సంచిలో దూర్చింది తనేనని చెప్పి, "మా వదిన చేతులెత్తి నిలబడితే చూస్తూ ఊరుకున్నాను" అని ఏడ్చింది. అత్త రెండో బెంచీలోంచి ఆ కన్నీళ్లు కళ్లలోంచి వస్తున్నాయా, గొంతులోంచి మాత్రమేనా అని మెడ చాచి మరీ చూసింది. ఏ మడతలోనూ ఏమీ కనబడలేదు. అదే మరింత అనుమానంగా ఉంది.

అప్పుడు పాస్టరుగారు ప్రార్థించుకోమన్నారు. ఆడపడుచు బల్లవైపు తిరిగి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తింది.

అత్త తొడల కింద చేతులు ఎప్పుడు బయటికొచ్చాయో, కాళ్లు ఎప్పుడు లేచాయో ఆమెకే తెలీదు. వెళ్లి వెనక నిలబడింది. చంకల దగ్గర మొదలుపెట్టింది. బట్ట కింద పక్కటెముకలు ఒక్కొక్కటీ అరచేతికి తగిలాయి. ఒకప్పుడు ఈ పిల్లకు తలదువ్వి జడలేసింది తనే, ఇంత సన్నబడిందని కళ్లకు తెలీలేదు. చేతులు నడుము దాకా వచ్చి, ఏ రోజూ ఆగనివి, అక్కడ ఆగిపోయాయి. అత్త చేతులు తీయలేదు.

చర్చి ఒక్కసారి హల్లెలూయ అంది. భర్త ఏడ్చిన ఏడుపుకి ముందు బెంచీ తేలి వెనక బెంచీకి తగిలిందంటారు. పాస్టరుగారు బల్ల దగ్గర్నుంచి ముందుకొచ్చారు. "చూశారా, దేవుడి ప్రేమ ఇలాగే ఉంటుంది. అడక్కముందే లేచొచ్చి కౌగిలించుకుంటుంది" అన్నారు.

అత్త ఆయనవైపు చూసింది.

"కౌగిలించుకోలేదండీ. సోదా చేశాను. ఏమీ దొరకలేదు. రొట్టె ఇచ్చేయండి."