బడి తెరిచే నెలలో పట్టేసిన వేలు

కరోనా తగ్గి బడులు మామూలుగా తెరిచిన ఏడాది జూన్‌లో నేను పటమటలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎముకల విభాగానికి సీనియర్ కన్సల్టెంటుని. ఆ నెలలోనే కంకిపాడు నుంచి సుజాత గారు వచ్చారు. ఆవిడకు పుట్టుకతో వినపడదు. బధిరుల పాఠశాలలో చిన్నపిల్లలకు సంజ్ఞా భాష నేర్పే టీచరు. ఆవిడ చేతులతో చెప్పేదాన్ని డిగ్రీ చదివే కూతురు భవాని మాకు నోటితో చెప్పేది.

కుడిచేతి ఉంగరపు వేలు ముడిస్తే తెరుచుకోవడం లేదు. రెండో చేత్తో లాగితే టక్కుమని వస్తోంది. దీన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటాం. వేలిని ముడిచే స్నాయువు ఒక సన్నటి తొడుగులోంచి జారుతుంది. తొడుగు మొదట్లో వాచి ఇరుకైతే అక్కడ చిక్కుకుంటుంది. స్టెరాయిడ్ ఇంజక్షన్ ఆ వాపును తగ్గిస్తుంది. కానీ ఆవిడకు షుగరుంది. అలాంటివాళ్లలో ఇంజక్షన్ అంత బాగా పనిచేయదు, పైగా కొన్నాళ్లు షుగరు పెరుగుతుంది. అందుకని చిన్న ఆపరేషనే మేలన్నాను.

ఆవిడ చేతులు గబగబా కదిలాయి. మధ్యలో వేలు పట్టేసింది. విసురుగా లాగి మళ్లీ మొదలుపెట్టారు.

"చేతికి కట్టు కడితే అమ్మకి నోరు కట్టేసినట్టేనండీ," అంది భవాని. "కొత్త పిల్లలు ఇప్పుడే చేరారు. అమ్మ వేలు వంకరగా ఉంటే వాళ్లూ వంకరగానే పెడుతున్నారంట. ఆ మాటకి సంజ్ఞే అంత అనుకుంటున్నారంట."

ఇంజక్షన్‌కే సరేనన్నాను. అరచేతిలో వేలి మొదట్లో సూది దించి, వేలు కొంచెం కదపమన్నాను. సూది కూడా ఊగితే అది స్నాయువులో దిగినట్టు, అక్కడ మందు ఎక్కించకూడదు. ఊగింది. కాస్త వెనక్కి తీసి, మందు తేలిగ్గా దిగుతోందని చూసుకుని ఎక్కించాను. ఆవిడ ఎడమచెయ్యి ఆగకుండా కూతురితో ఏదో అంటూనే ఉంది. ఏమిటని అడిగాను. "తొందరగా కానివ్వమంటోందండీ."

వారం గడిచినా వేలు అలాగే ఉంది, షుగరు మాత్రం పెరిగింది. భవాని రోజూ ఫోన్ చేసేది. పాఠం మధ్యలో కూడా అమ్మ వేలు ముడిచి చూసుకుంటోందట. షుగరు మాత్రల మోతాదు మార్పించి, ఇంకొన్నాళ్లు ఆగమన్నాను. అన్నానే గానీ నాకూ కుదురు లేదు. ఓపీలో ఎవరి చెయ్యి పట్టుకున్నా ఆ వేలే గుర్తొచ్చేది. మొండిగానైనా ఆపరేషన్‌కే ఒప్పించి ఉండాల్సిందా అనిపించేది. రెండో వారం దాటాక వేలు సాఫీగా తెరుచుకుంది.

చలికాలం పోతుండగా మళ్లీ పట్టేసింది. ఈసారి ఆపరేషన్ ఆవిడే అడిగారు. వేసవి సెలవుల్లో చేతికి మాత్రం మత్తిచ్చి ఆ తొడుగు కోశాం. బడి తెరిచేలోపే గాయం మానింది.

మా జూనియర్ డాక్టరు ఆ ఇంజక్షన్ విఫలమైందనుకున్నాడు. కాదన్నాను. రోగాన్ని పూర్తిగా పోగొట్టకపోయినా, ఆపరేషన్‌ను రోగికి వీలైన కాలానికి జరిపిన వైద్యం పనిచేసినట్టే. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, అలాంటి వేలితో ఎవరొచ్చినా ఆ చేత్తో ఏం పని చేస్తారు, ఆ పని ఎప్పుడు ఆపగలరు అని ముందు అడిగేవాణ్ణి. సూదా, కత్తా అన్నది ఆ తర్వాతే తేల్చేవాణ్ణి.