నిలవ ఎండ

నిన్న చింతామణిలో మా ఆఫీసులో ఒక వెబ్ పేజీని పీడీఎఫ్‌గా దాచుకుంటూ ఉంటే కిటికీలోంచి తడిసిన రాగి కంకుల వాసన వచ్చింది. బయట రోడ్డు మీద ఆరబోసుకున్నవాళ్లెవరో వానకు దొరికిపోయారు. ఆ వాసన వెంటే మా సరోజమ్మ మేడం కూడా మనసులోకి వచ్చేశారు.

బాగేపల్లిలో గూళూరు రోడ్డు మీద ఆవిడ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. రెండు వేల సంవత్సరం దాటాక రెండు కంప్యూటర్లు కొని, పాఠాలు చెప్పడానికి నన్ను పెట్టుకున్నారు. ఇంటర్నెట్ ఫోను తీగలోంచి రావాలి, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఊళ్లో కొళాయి నీళ్ల సంగతీ అంతే కాబట్టి ఆవిడకు రెండూ ఒకటే. నెట్టు తగులుకోగానే "బిందెలు పట్టండే!" అని కేక వేసేవారు. వంటకాలు, టమోటా ధరలు, ఏ దేశంలోనో మంచు కురిసిన వార్త, ఏ పేజీ కనబడినా ప్రింట్ నొక్కి, ప్రింటర్ల పేర్లలో పీడీఎఫ్‌ను ఎంచుకుని ఫైలుగా దాచేసేవారు. కొత్త పిల్లలు కాగితం వస్తుందని ప్రింటర్ దగ్గర చేతులు చాచి నిలబడేవారు. "యాడ వస్తాది? అది లోపలే పండుకోనుండాది, పోండి" అనేవారు. నేను నవ్వితే, "నవ్వు, నవ్వు. నెట్టు పోయినప్పుడు నా దగ్గరికే వస్తావు" అనేవారు. వెళ్లేదాన్నే.

ఒక ఏడు నరసింహప్ప అనే రైతు మా ఎదురు రోడ్డు మీద రాగి కంకులు పరిచే ముందు లోపలికి వచ్చాడు. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అదే.

"అమ్మా, వాన వస్తాదేమో కంప్యూటర్లో చూడమ్మా."

ఆ రోజు నెట్టు లేదు. మేడం ఏమాత్రం తడబడకుండా, దాచిన వాతావరణం పేజీ తెరిచారు. తెర నిండా పసుప్పచ్చ సూర్యుడు. "వాన లేదప్పా. నిమ్మళంగా పర్చుకో."

మధ్యాహ్నానికి కుండపోత. నేను అదే పేజీని అడుగుదాకా లాగి చూశాను. మూలన చీమ తలకాయంత అక్షరాల్లో తేదీ ఉంది.

"మేడం, ఇది పోయిన వారం ఎండ."

ఆవిడ ముఖం పాలిపోయింది. జాలేసి, "కంప్యూటరే తప్పు చెప్పిందందాం మేడం" అన్నాను.

"దానికేం తెలుసే? చెప్పింది నా నోరు."

గొడుగైనా తీసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తారు. వెనకే మేమందరం. టైపు మిషన్లు గోడకు చేర్చి, హాలు నిండా కంకులు పరిచాం. ఫ్యాను వేసేసరికి కరెంటు పోయింది, అది మాత్రం వేళ తప్పదు. అట్టలతో విసురుతూ కూర్చున్నాం. నీళ్లు కారుతున్న చీరతోనే మేడం, "తప్పు నాదప్పా. తేదీ చూడకుండా చెప్తి" అన్నారు.

నరసింహప్ప కంకుల వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. "ఆరిపోతాదిలేమ్మా. ముందు నువ్వు తల తుడ్చుకో."

క్లాసులు మూసేసి, ఆవిడే కూర్చుని కంకులు తిరగేశారు. తిండిగింజలు చాలావరకు దక్కాయి. టైపు మిషన్లలోంచి మాత్రం చాలాకాలం రాగులు రాలుతూనే ఉండేవి.

మరుసటి ఏడు నరసింహప్ప మళ్లీ వచ్చాడు. "అమ్మా, ఎండ ఈ పొద్దుదేనా, నిలవ ఎండా?" మేడం పకపకా నవ్వి, తేదీ పైకే చదివి వినిపించి, అయినా గుమ్మం దాకా వెళ్లి ఆకాశం కూడా చూసి వచ్చారు.

ఇప్పటికీ పేజీ దాచగానే అడుగున తేదీ చదువుతాను. ఎక్కడైనా పొరపాటు జరిగి "సిస్టం అలా చూపించింది సార్" అనే మాట నాలుక చివరిదాకా వచ్చిందంటే, నీళ్లు కారుతున్న చీరతో మేడం ఎదురుగా నిలబడతారు. ఆ మాట మింగేసి, "చెప్పింది నేనే సార్" అంటాను.