సీసం తూటాల సాక్ష్యం

ఇమ్మానుయేలు మిలిటరీలో చేసింది వంట. ఆ సంగతి శృంగవరపుకోటలో అతని భార్య ప్రిస్కిల్లాకి తప్ప ఎవరికీ తెలియదు. తెలియనిస్తేగా! ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే చాలు, మీసం దువ్వుకుని లేచేవాడు. తన తుపాకీ గురి ఎన్నడూ తప్పలేదనీ, శత్రువు తూటా చెవి పక్కనుంచి దూసుకుపోతే దేవుడే తన తల వంచి కాపాడాడనీ ఊదరగొట్టేవాడు. ఆయనగారు తల వంచింది పప్పు గుండిగలోకి. అయినా ప్రిస్కిల్లా అందరితోపాటు ఆమెన్ అనేది. మొగుడి పరువు పోతే తన పరువు మాత్రం మిగుల్తుందా?

ఆ కోతలే 2016లో ఒక పని తెచ్చిపెట్టాయి. కొండ వార నారాయణమూర్తి గారికి మామిడి తోట, దాని పక్కన వేరుశనగ చేను ఉన్నాయి. అడవి పందులు దిగి చేను కుళ్ళగిస్తుంటే, ఆయన అటవీ శాఖ నుంచి అనుమతి తెచ్చుకుని తండ్రినాటి లైసెన్సు రైఫిల్ బయటికి తీశాడు. సెమీ ఆటోమేటిక్. ఒక తూటా పేలగానే రెండోది తనంతట తనే ఎక్కుతుంది.

"పందుల బెడద తీరిస్తే కాపలా పని నీదే. తోటలో స్లాబు ఇల్లుంది, అందులోనే ఉండండి" అన్నాడు ఇమ్మానుయేలుతో.

ప్రిస్కిల్లా ప్రాణమంతా ఆ ఇంటి మీదే. వాళ్ళుండే రేకుల గదిలో వానొస్తే గిన్నెలన్నీ నేల మీదే ఉండేవి. ఆ స్లాబు చూసొచ్చిన రోజు ఆమెకు సంతోషంతో అన్నం సయించలేదు.

కొన్న తూటాల పెట్టె కూడా నారాయణమూర్తి గారే ఇచ్చాడు. వాటితో కాలిస్తే అయిపోయేది. మన వీరుడికి అది నామోషీ. వాళ్ళ నాన్న నాటు తుపాకీకి సీసం గుళ్ళు ఇంట్లోనే పోసుకునేవాడు. ఆ విద్య ఇక్కడ చూపించకపోతే ఎలా? ఇంట్లో ఉన్న ఒక్క గరిటెనూ పొయ్యి మీద పెట్టి సీసం కరిగించాడు. కొన్న తూటాల్లో కొన్నింటి మూతులు ఊడబీకి, వాటి బదులు తను పోసిన సీసం గుళ్ళు బిగించాడు.

"కొన్నవుండగా నీకిదేటి తిక్క?" అంది ప్రిస్కిల్లా.

"ఒసే, నీకేటి తెల్సు? మా నాయిన గుండు తగిలితే పంది తిరిగి సూసేది కాదు. నా పనితనం బాబుగోరికి తెలవాలి."

"అది కూరి పేల్చే తుపాకీ. ఇదీ అదీ ఒకటేనేటి?"

"మిలిటరీ వోడికి తుపాకీ సంగతి సెప్తన్నావా?"

దానికి ఆమె దగ్గర గుండిగంత జవాబుంది. ఇల్లు గుర్తొచ్చి మింగేసింది.

మర్నాడు పొద్దు గూకుతుండగా పందులు దిగాయి. నారాయణమూర్తి గారూ, ప్రిస్కిల్లా గట్టు మీద నిలబడి చూస్తున్నారు. మొదటి తూటా ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. మెత్తటి సీసం గొట్టం లోపలంతా అంటుకుంది. రెండోది ఎక్కబోయి, మూతి నలిగి సగంలో ఇరుక్కుంది. లాగాడు, గుద్దాడు, చివరికి రైఫిల్‌ని రాయికేసి బాదాడు. దాని చెక్క పిడి నిలువునా చీలింది. పందులు ఓసారి తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి.

"మిలిటరీలో నీకు నేర్పింది ఇదేనా?" అని నారాయణమూర్తి గారు రైఫిల్ లాక్కున్నాడు. శనివారానికల్లా స్లాబు ఇంట్లో వేరే వాళ్ళు పాలు పొంగించుకున్నారు.

ఆదివారం నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా. సిగ్గనేది ఉంటేగా. మళ్ళీ మీసం దువ్వుకుని లేచాడు.

"సైతాను నా తుపాకీని కట్టీసినాడు. కానీ ఆ మూగజీవాల్ని నా సేత సంపించకుండా దేవుడు కాపాడినాడు."

అందరూ ఆమెన్ అన్నారు. ప్రిస్కిల్లా అనలేదు. లేచి నిలబడింది.

"పాస్టరుగోరూ, నాదీ ఓ సాచ్చం ఉన్నాది. ఈయన మిలిటరీలో పట్టింది తుపాకీ కాదు, గరిటె. ఇంట్లో ఉన్న ఒక్క గరిటెనీ సీసం పోసి పాడుసేసీసినాడు. సైతానుకేటి పని? నాకొచ్చిన ఇల్లు ఈయనే పోగొట్టీసినాడు."

చెప్పి కూర్చుంది. పాస్టరుగారు పాటల పుస్తకం తిరగేశారు. ఇమ్మానుయేలు ఇంకా నిలబడే ఉన్నాడు. వెనక బెంచీలో, అతని సాక్ష్యాలన్నీ మొదట్నుంచీ విన్న ముసలి లీలారాణి మాత్రం గట్టిగా ఆమెన్ అంది.